అఖిలాండం సర్దిన తొట్టి

బొమ్మయ్య చేసిన పని పగవాడు కూడా చెయ్యడు. సొంత బామ్మర్ది కదా అని దురైసామి నమ్మి తాళంచెవి చేతికిస్తే, కొంప ముంచి పెట్టాడు. బీరువా తాకలేదు, బిందె తాకలేదు. తాకింది చేపతొట్టిని. ఆ బాడుగ ఇంట్లో ఎవరూ తాకకూడనిది అదొక్కటే.

తొట్టిలో ఉన్నది ఒకే ఒక ఆస్కార్ చేప. నల్లటి ఒంటి మీద నిప్పుల్లాంటి మచ్చలు. దురైసామి పెళ్ళాం అఖిలాండం దానికి కరుప్పన్ అని పేరు పెట్టింది. మిల్లులో నూలు చుట్టే మెషిన్ ముందు నిలబడి, ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ సగం ఆయుష్షు గడిపిన మనిషి ఆమె.

"దీనికి బుద్ధి ఉండాదయ్యా. దినమూ ఒకే గోడ చూస్తే పైత్యం పట్టదా?" అనేది.

శుక్రవారం పొద్దున వాకిట్లో ముగ్గు వేసి, చేతులు కడుక్కుని తొట్టి దగ్గర కూర్చునేది. మిల్లులో పారేసిన నూలు బాబిన్లు, కొండవాగు రాళ్ళు, మూతి పగిలిన పూలకుండీ అన్నీ బయటికి తీసి, మళ్ళీ కొత్త తీరులో సర్దేది. ఎండురొయ్య ఒకటి కుండీ కింద దాచేది. కరుప్పన్ మూతితో బాబిన్లు దొర్లించి, కుండీ పక్కకు నెట్టి, రొయ్య దొరకగానే అద్దం దగ్గరికొచ్చి ఆమె వేలికెదురుగా తోకాడించేది.

"చూసినావా? వాడు దాచిన రొయ్యనే వెతుక్కున్నాడు. నీకు ఒంటి మీదున్న చొక్కా కూడా దొరకదు," అని మొగుణ్ణి ఏడిపించేది.

అట్లాగే ఒక శుక్రవారం తొట్టి సర్దింది. ఆదివారం మిల్లు బస్సెక్కబోతూ కూలబడి, మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత దురైసామి తొట్టిలో దేన్నీ కదలనివ్వలేదు. ట్యూబు పెట్టి పైపైన మురికినీళ్ళు లాగేసి, కొత్తనీళ్ళు పోసేవాడు. చేప దేన్నైనా నెట్టితే, సెల్‌ఫోన్‌లో తీసిపెట్టుకున్న ఫోటో చూసి, ఆమె పెట్టిన చోటే మళ్ళీ పెట్టేవాడు. బాబిన్ కొస ఏ వైపుండాలో కూడా చూసేవాడు. కరుప్పన్ కొన్నాళ్ళు నెట్టింది. తర్వాత మానేసింది. మేత వేసినా లేచేది కాదు. మూలకు చేరి పక్కకు వాలి పడుకునేది. దానికీ దుఃఖమే అనుకున్నాడు దురైసామి. తనకొక తోడు అనుకున్నాడు.

తళవాయిపురంలో చిన్నమ్మ చనిపోతే, చేపకు మేత వెయ్యమని తాళంచెవి బొమ్మయ్యకిచ్చి వెళ్ళి మర్నాడు తిరిగొచ్చేసరికి, తొట్టి అద్దాలు తళతళలాడుతున్నాయి. కుండీ కుడిపక్కకు పోయింది. రాళ్ళు గుట్టగా పేర్చి ఉన్నాయి. బాబిన్లు దారానికి వేలాడుతున్నాయి.

"ముందు తలకు నీళ్ళు పోసుకో బావా, సావింటి నుంచి వచ్చినావు," అన్నాడు బొమ్మయ్య.

"ఎవర్నడిగి తాకినావురా?"

"నేను వచ్చినప్పుడు వాడు సగం సచ్చి ఉండె. సుమ్మా, ఊరికే చూస్తా కూర్చోమంటావా?"

"సస్తే సావనీ! అది మీ అక్క చెయ్యి పెట్టిందిరా. మీ అక్క చెయ్యి!"

బొమ్మయ్య తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"అక్క ఏనాడైనా నిన్నటి ముగ్గు ఇవాళ్టికి ఉంచినాదా బావా? తెల్లారతానే నీళ్ళు చల్లి చెరిపేసేది. పావం, ఆ మీన్‌కి ఇన్నాళ్ళూ ఒకే ముగ్గు చూపించినావే."

"పోరా బయటికి!"

బొమ్మయ్య తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

దురైసామి ఫోటో ముందు పెట్టుకుని, పాత తీరుగా సర్దుదామని నీళ్ళలో చెయ్యి పెట్టాడు. కరుప్పన్ మూలనుంచి లేచి వచ్చింది. వేలాడే బాబిన్‌ను మూతితో పొడిచింది. అది ఊగితే బెదిరి వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి పొడిచింది. కుండీని నెట్టి, బొమ్మయ్య దాచిన రొయ్యను లాక్కుంది. తర్వాత అద్దం దగ్గరికొచ్చి, అఖిలాండం ఇప్పుడే సర్ది లేచినట్టు, తోకాడించింది.

దురైసామి చెయ్యి బయటికి తీసేశాడు. మోచేతి నుంచి నీళ్ళు కారుతుంటే అక్కడే నేల మీద కూలబడి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. ఫోటో ఉంది. ఫోటోలో ఉన్నట్టు పెట్టినా, ఇక పెట్టింది తన చెయ్యే అవుతుంది.

బొమ్మయ్యను మాత్రం అతను క్షమించలేదు. దురైసామికి పుట్టి బుద్ధెరిగాక సొంత నేలంటూ ఒక్క సెంటు లేదు. ఆ తొట్టి అడుగున అఖిలాండం తన చేత్తో సర్ది ఇచ్చిపోయిన నేల ఒక్కటే ఉండేది. అదే పోయింది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు.