పేడకుప్ప వెనక పూలు

పచ్చ.

ఎటు చూసినా పచ్చ. చూసిన కళ్లకు వెగటు పుట్టేంత పచ్చ.

చెవి పెట్టి వింటే మాత్రం... ఏమీ లేదు. గాలికి గడ్డి ఒరుసుకునే చప్పుడు, ఆవులు ఆ గడ్డిని పటపటా తెంపుకునే చప్పుడు. వాటి చెవుల చుట్టూ ముసిరే మామూలు ఈగలు. అంతే.

ఆ పచ్చ బావగారిది.

బావగారికి శుభ్రం ఇష్టం. మేత బీడులో గడ్డి తప్ప ఇంకేం మొలిచినా ఆయనకు ఒళ్లు మండుతుంది. తుమ్మి మొలిస్తే పీకించారు. గడ్డిచామంతి పూస్తే మందు కొట్టించారు. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి — అది సిగ్గుపడేలోపే మాడ్పించారు. కంచెకు నాటిన గిరిపుష్పం చెట్లు గులాబీ రంగు పూతకు రాగానే, రంపం పెట్టి అడ్డంగా కోయించి, మీసం దువ్వుకున్నారు.

"ఆవులున్న చోట పువ్వులెందుకమ్మా? ఇదేమన్నా పార్కా?" అంటారు.

పేడ వాసన పడని పాడి రైతు ఆయన. కొట్టంలోకి రావాలంటే ముక్కుకు రుమాలు అడ్డం. పేడకుప్ప ఉన్న వైపు కన్నెత్తి చూడరు. పాలు మాత్రం రెండు పూటలా తాగుతారు.

ఆయన తమ్ముడి భార్య ఆమె. ఆ ఇంటి చిన్నకోడలు. ఆవులకు మేత వేసేది ఆమె. పాలు పిండేది ఆమె. కొట్టం కడిగేది ఆమె. ఎండాకాలానికని పేడకుప్ప పక్కన గుమ్మడి పాదులు పెట్టేదీ ఆమె. గడ్డి మాడిపోయే నెలల్లో ఆవుల కడుపులో పడేవి ఆ గుమ్మడికాయ ముక్కలే. అప్పుడు బావగారి పచ్చ ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు.

పోయినేడు పాదులు విరగబూశాయి. పిందెలు వేలెడంత అయ్యాయి. పాలిపోయాయి. రాలాయి. మళ్లీ పూశాయి... మళ్లీ రాలాయి. ఆ ఎండాకాలం ఆవుల డొక్కల్లో ఎముకలు తేలాయి. ముసలి ఆవు ఒకటి పడుకున్న చోటి నుంచి లేవలేదు. దాని తల ఒళ్లో పెట్టుకుని ఆమె ఒక్కతే ఏడ్చింది.

అప్పుడే చెప్పింది. మర్యాదగానే చెప్పింది.

"తేనెటీగలు లేవు బావగారూ. అవి వాలితేనే పిందె నిలుస్తుంది. పువ్వులన్నీ మాడ్చేస్తే అవి ఏం తిని బతుకుతాయి?"

బావగారు నవ్వారు. పెద్దవాళ్లు పిల్లల్ని చూసి నవ్వే నవ్వు.

"నేలలో బలం లేదమ్మా," అన్నారు. ఒక బస్తా ఎరువు పంపించారు.

చెవిటివాడి ముందు శంఖం. ఊదినవాళ్లకే ఆయాసం.

ఆమె ఇంక ఊదలేదు. పేడకుప్ప వెనక, కంచె వారన, బావగారి చూపు పడని ఆ మూలలో తుమ్మిని వదిలేసింది. గడ్డిచామంతిని వదిలేసింది. అత్తిపత్తిని వదిలేసింది. కోసి పారేసిన గిరిపుష్పం కొమ్మలు తెచ్చి గుచ్చింది. ఎండలు ముదిరాక రోజూ సాయంత్రం వాటికి బిందెలతో నీళ్లు మోసింది. భర్తా మోశాడు. "నీకెందుకే ఈ పిచ్చి," అంటూనే మోశాడు. మంచివాడు. అన్నయ్య ఎదుట నోరు పెగలదు, అంతే.

ఈ ఏడు బావగారు ఎక్కడో పాడి రైతుల మీటింగుకు వెళ్లొచ్చారు. చెప్పులు విప్పకముందే అందుకున్నారు.

"మీకెవరికీ తెలీదు గానీ, తేనెటీగ వాలకపోతే పిందె నిలవదు!"

ఆమె మాటే. దానికి మీసాలొచ్చాయి, అంతే తేడా.

పెట్టెలొచ్చాయి. తెల్ల రంగు వేసిన పెట్టెలు, లోపల తేనెటీగలు. గేటు పక్కన, దారిన పోయేవాళ్లకు కనపడేలా, నున్నగా గొరిగిన పచ్చిక నడుమ, నీడన్నది లేని చోట వరసగా పెట్టించారు. పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు.

పెట్టెలు తెచ్చినవాడు నాలుగు దిక్కులా చూశాడు. "పువ్వులెక్కడండీ?"

"ఇంత పచ్చగా ఉంటే కనపడటం లేదటయ్యా?"

పెట్టెలవాడు డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు.

వంట వండకుండా చుట్టాలను పిలవడం అంటే ఇదే. పాపం, చుట్టాలు గడ్డి మీద వాలాయి. లేచాయి. మళ్లీ వాలాయి. గడ్డిలో ఏముంది? బావగారు పళ్లెంలో పంచదార నీళ్లు పెట్టించారు. చీమలొచ్చాయి.

ఆ తర్వాత... ఒక తెల్లవారుజామున, పాదుల దగ్గర ఆమె ఆగిపోయింది.

జుమ్ము.

గుమ్మడి పువ్వు అడుగున, ఒళ్లంతా పుప్పొడి పూసుకుని ఒకటి. పక్క పువ్వులో రెండు. తుమ్మి మీద, చామంతి మీద, అత్తిపత్తి మీద... కొట్టం కప్పు మీదుగా ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటితోపాటు చిన్నచిన్న నల్ల తేనెటీగలు కూడా. అవి ఎవరి పెట్టెలోవీ కావు. కంచె గుంజ తొర్రలో ఎప్పుడు కాపురం పెట్టాయో, పువ్వులను చూసి బయటికొచ్చాయి.

పిందెలు నిలిచాయి. ఆమె ఒక్కోదాన్నీ వేలితో నిమిరి చూసుకుంది. ఆవులను తలచుకుని కడుపు చల్లబడింది. ఎవరికీ చెప్పలేదు. దిష్టికి భయపడి కాదు, బావగారికి భయపడి.

భయపడినట్టే అయింది. తేనెటీగలు పోయే దారి పట్టుకుని, రుమాలు ముక్కుకు పట్టుకుని, బావగారు వచ్చారు. పేడకుప్పకు ఇవతలే నిలబడి మెడ సాచారు.

"ఏంటమ్మా ఈ చెత్త! నా ఈగలు వచ్చి ఇందులో పడుతున్నాయా? తేనె పేడ కంపు కొట్టదూ?" తమ్ముడి వైపు తిరిగారు. "రేపు పొద్దున్నే ఇదంతా మందు కొట్టించెయ్. ఇక్కడ దారి మూస్తే అవి అక్కడే పడుంటాయి."

ఉన్న ఒక్క పొయ్యీ ఆర్పేస్తే చుట్టాలు వాకిట్లో బుద్ధిగా కూర్చుంటారట! ఆ తెలివికి ఆమె లోపలే ఓ దండం పెట్టింది.

భర్త తల ఊపాడు. అన్నయ్య చెబితే ఊగడమే ఆ తలకు తెలిసిన పని.

పొద్దున్నే మందు. పొద్దున్నే పువ్వులు విచ్చుకునేది. పొద్దున్నే ఈగలు వాలేది. అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. ఆ వెనక పిందెలు. ఆ వెనక ఎండాకాలం... మళ్లీ డొక్కలు.

నిజం చెప్పి లాభం లేదు. పోయినేడే చూసింది. ఆ చెవిలోకి ఎవరి మాటా దూరదు — ఆయన మాట తప్ప.

ఆయన మాట తప్ప.

ఆమె చీపురు కింద పెట్టింది. నవ్వు తెచ్చుకుంది.

"అదేంటి బావగారూ, పొలంలో ఓ మూల పువ్వులకు చోటు వదలాలని మీటింగులో మీరే చెప్పారట కదా! అందుకే కదా ఈ మూల ఇన్నాళ్లూ ముట్టుకోనివ్వలేదు? మీ మాట మీదే నేను కాపాడుకొస్తున్నా."

ఈగలు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

రుమాలు ముక్కు మీద నుంచి మెల్లగా దిగింది.

"మరి!" అన్నారు బావగారు. "ఊరికే వదులుతానా?"

నేర్పిన చిలక కూడా కాస్త తడుముకుని పలుకుతుంది. ఈయనకు ఆ పాటి మొహమాటం కూడా లేకపోయింది. అత్తిపత్తి నయం.

వారం తిరక్కుండానే జనాన్ని తెచ్చారు. పక్క పొలాల పాడి రైతులు. తుమ్మిని చూపించి గడ్డిచామంతి అన్నారు. గడ్డిచామంతిని చూపించి, దీని పేరు తర్వాత చెబుతానన్నారు. "ఈ ఆలోచన నాది," అని మాత్రం తడబడకుండా అన్నారు. అందరూ ఆహా అన్నారు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆమె అందరికీ మంచినీళ్లు అందించి, లోపల నవ్వుకుంది. పోనీ. పేరు ఆయనకు, కాయలు ఆవులకు. నిజం తెలిసిన మనిషి తనకు ఒకడున్నాడు. చాలు.

జనం వెళ్లాక భర్త అన్నానికి కూర్చున్నాడు. ఆమె వడ్డిస్తూ అతని ముఖం చూసింది. కన్ను గీటుతాడని చూసింది. భలే బుట్టలో వేశావే, అంటాడని చూసింది.

అతను అన్నం కలుపుతూ తల ఊపాడు.

"ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మా అన్నయ్య బుర్రే బుర్ర."

గరిటె గాల్లోనే ఆగింది.

"నిజంగానే అంటున్నారా?"

"ఏం, కాదా? ఆ మూల వదలాలని ఇంకెవరికి తడుతుంది చెప్పు?"

ఆ ముఖంలో వెటకారం కోసం వెతికింది. దొరకలేదు. భయం కోసం వెతికింది. అదైనా ఉంటే క్షమించేది. అదీ లేదు. నమ్మాడు. నీళ్లు మోసిన మనిషి... తన భుజాన్నే నమ్మకుండా, అన్నయ్య మీసాన్ని నమ్మాడు.

కిటికీ అవతల ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి.

ఆమె గిన్నెలో మిగిలిన కూరంతా అతని కంచంలో వేసింది.

"ఇంకాస్త తినండి," అంది. చాలా మర్యాదగా అంది.

ఆ పూట నుంచి ఆ ఇంట్లో ఆమెకు ఇద్దరు బావగార్లు.