మేడం మానేసిన చక్కెర

చెప్పాలంటే తప్పంతా బాలత్రిపురసుందరి గారిదే. ఆవిడ చక్కెర మానేసింది. మానేసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. చిన్న మంగళారంలోని తన ఫామ్‌హౌస్‌లో అలమరాలన్నీ ఖాళీ చేసి, ఎవరో తెచ్చిన స్వీటు పెట్టెలు, సగం వాడిన జామ్ సీసాలు, పాలలో కలిపే పొడి, క్రీమ్ బిస్కెట్లు సంచికెత్తి, వంట చేసే ప్రవీణ చేతిలో పెట్టేది.

"ఇదంతా విషమమ్మా మాకు. మీ ఇంటికి పట్టుకెళ్లు."

విషమని చెప్పి మరీ ఇచ్చేది. ప్రవీణ దండం పెట్టి తీసుకునేది. పగలంతా ఆ ఇంట్లో ఖర్జూరాలతో లడ్డూలు చుట్టి, పొద్దుగూకే వేళకు తన ఇంటికి చేరి మళ్లీ పొయ్యి ముందు నిలబడేది. అత్త సరోజమ్మకు ఒక తీరు చాయ్, భర్త సాముయేలుకు ఇంకో తీరు. తనకంటూ గ్లాసు పెట్టుకున్నది లేదు. వాళ్లు వదిలేసిన బిస్కెట్ ముక్కలు, గిన్నె అడుగున మిగిలిన చిక్కటి తీపి, అదే ఆమె వంతు. పారేయడానికి చేతులు రాకపోయేవి.

మొయినాబాద్ వైద్య క్యాంపులో వేలు గుచ్చి చూస్తే షుగర్ రెండు వందల ఎనభై. నర్సు దీవెన ఆమె సంచిలోని బిస్కెట్ ప్యాకెట్ తీసి, వెనక్కి తిప్పి చూపించింది. "డబ్బాల ఉన్నదొక్కటే చక్కెర గాదక్కా. గీ బిస్కెట్లల్ల, జామ్‌ల, పాలల్ల ఏసే పొడిల కలిపిందంత గదే. బెల్లం గూడ గదే. మంచిగున్నోళ్లకే దినానికి ఐదారు చెంచాలు దాటొద్దు. నీకు గదీ వద్దు."

ఇంట్లో చెబితే సరోజమ్మ నవ్వింది. "బిస్కెట్ల చక్కెర యాడిదే? పెద్దోళ్ల ఇంట్ల వంట జేసి పెద్దోళ్ల రోగం తెచ్చుకున్నవా?"

సాముయేలు ఫికర్ వేరే. "నువ్వు తినకు. మాకు తెచ్చుడు బంద్ జెయ్యకు. ఫుకట్ల వచ్చేదాన్ని ఎవలన్న వద్దంటరా?"

సరే, తినడం మానేసింది. మరి ఏం తినాలి? కూరగాయలకు సాముయేలును పైసలడిగితే, "సంచి నిండ తెస్తివి గద, ఇంకేం గావాలె" అంటాడు. సాయంత్రమయ్యేసరికి కళ్లు తిరిగేవి. ఇంట్లో చేతికందేది ఆ సంచి ఒక్కటే.

శనివారం మేడం మళ్లీ సంచి అందించింది.

"వద్దు మేడం. నాకు షుగరొచ్చింది. దీని బదులు మీ మళ్లల్ల జర తోటకూర ఇయ్యుండ్రి, ఒక సొరకాయ."

"అయ్యో, షుగరా! కానీ ఆ కూరలు ఆర్గానిక్ కదా ప్రవీణా, ఫ్లాట్స్‌లో మా ఫ్రెండ్స్‌కి మాటిచ్చేశాం. ఈసారికి ఇది పట్టుకెళ్లు. మీవాళ్లు తింటారుగా."

ప్రవీణ కిటికీలోంచి ఆ మళ్ల వంక చూసింది. తల్లి పోతూ పోతూ తన పేరున రాసిచ్చిన మెట్ట చెలక అది. పన్నెండేళ్ల కింద సాముయేలు బ్రోకర్‌ను ఇంటికే తోలుకొచ్చి, పొయ్యి దగ్గరున్న ఆమెతో, "జర సంతకం బెట్టు, చాయ్ తర్వాత బెడుదువు గని" అన్నాడు. తడి చేత్తోనే పెట్టింది. తర్వాత నేల ఇద్దరు ముగ్గురి చేతులు మారింది. ఈ సంగతి మేడంకి తెలియదు. తెలిస్తే పని పోతుందని ఇన్నేళ్లూ నోరు మెదపలేదు.

సంచిలోనివన్నీ బల్ల మీద కుమ్మరించి, ఖాళీ సంచితో బయటికి నడిచింది. తోటకూర మడిలో వంగి తెంపడం మొదలుపెట్టింది.

"ప్రవీణా! ఎవర్నడిగి తెంపుతున్నావ్?"

"నన్ను గూడ ఎవ్వరడగలే మేడం. ఈ భూమి నా పేరు మీద ఉండె. ముప్పై రెండు గుంటలు."