మంచు కప్పని ఆస్టర్లు

సాల్కిన్ అక్కను గుండె ఆపరేషన్ కోసం నవంబరు మొదట్లో రాజధాని బిష్కెక్ తీసుకెళ్లారు. బండెక్కేముందు కోడలికి రెండే మాటలు చెప్పింది. ఆవుకు చన్నీళ్లు పెట్టొద్దు. గేటు పక్కనున్న ఆస్టర్ పూలమొక్కల జోలికి పోవద్దు.

కోడలు మునారాది దక్షిణాన ఓష్ వైపు. అక్కడ దానిమ్మలు పండుతాయి. మా కొండ ఊరు నారిన్‌లో బంగాళాదుంప పండితే అదే గొప్ప. పెళ్లయి ఏడాది కూడా కాలేదు, ఇక్కడి చలికాలం ఆమెకదే మొదలు. భర్త ఉలన్ లారీ నడుపుతాడు, వారానికోసారి ఇల్లు చేరతాడు. నేను పక్కింటిదాన్ని. ఆ పిల్ల కష్టసుఖాలన్నీ మా గుమ్మంలోనే చెప్పుకునేది.

ఆ ఆస్టర్లు ఏటేటా విత్తుకునే రకం కాదు. పైకొమ్మ ఎండిపోయినా వేరు నేలలో బతికుండి, ఎండలు రాగానే మళ్లీ చిగురిస్తుంది. సాల్కిన్ అక్క ముప్పై ఏళ్లు కొండమీద వాతావరణ కేంద్రంలో పనిచేసి, దిగివస్తూ ఐదు దుబ్బులు తెచ్చుకుంది. మా వీధిలో సెప్టెంబరులో కనిపించే ఊదారంగంతా వాటి పిలకలదే.

అత్తగారు వెళ్లిన వారానికి పుట్టింటివాళ్లు చూడ్డానికొస్తున్నారని మునారా వాకిలంతా బాగుచేసింది. నేను వెళ్లేసరికి ఐదు దుబ్బులూ నేలమట్టంగా కోసి ఉన్నాయి. చుట్టూ రాలిన ఆకులు కూడా ఊడ్చేసింది.

"ఏం చేశావే పిల్లా?"

"శుభ్రం చేశానక్కా. ఎండిపోయి ఎలాగో ఉన్నాయి."

"ఆ పుల్లలే కదే మంచును పట్టి ఆపేది. ఆ ఆకులే కదా వాటికి దుప్పటి."

ఆమె చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. నేనే తగ్గి, "మంచు పడితే అంతా సర్దుకుంటుందిలే" అన్నాను.

మంచు పడలేదు. డిసెంబరు సగమైనా రవ్వ కూడా రాలలేదు. పొద్దున్నే ఇరవై ఎనిమిది డిగ్రీల చలి, అదీ సున్నాకు కింద. నేల బోసిగా ఎండి పగుళ్లిచ్చింది. మునారా రోజూ ఆ పగుళ్లలో వేలు పెట్టి చూసి, వేలు నోట్లో పెట్టుకుని వెచ్చబరచుకుంటూ లోపలికెళ్లేది. ఇంట్లో ఉన్న పాత కంబళి రెండు దుబ్బులకు సరిపోయింది. దానిమీద ప్లాస్టిక్ పట్టా కప్పి రాళ్లు పెట్టింది. పట్టా వద్దన్నాను. వినే స్థితిలో లేదు. మిగిలిన మూడూ ఆకాశం కిందే ఉన్నాయి.

సాయంత్రం ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. అత్తగారు మందుల సంగతీ, డాక్టర్ల సంగతీ చెప్పదు. "నా మొక్కలెలా ఉన్నాయి?" అంటుంది.

"మోకాలి లోతు మంచు కింద హాయిగా నిద్రపోతున్నాయి, అపా" అనేది మునారా. అత్తగారినీ అమ్మలాగే 'అపా' అంటారిక్కడ.

ఆవిడ గుండెకు దిగులు తగలకూడదని డాక్టర్లన్నారట. అందుకని ఆ అబద్ధాన్ని రోజూ కాస్త పెంచుతూ పోయింది. ఆపరేషన్ ముందురోజు మాత్రం ఫోన్లో అత్తగారి గొంతు వేరుగా వినిపించింది. నేను పక్కనే ఉన్నాను.

"మునారా, ముప్పై ఏళ్లు మంచు కొలిచి జీతం తీసుకున్నదాన్ని. ఇందాక కేంద్రానికి ఫోన్ చేశాను. సున్నా అన్నారు. నీ మోకాలి లోతు మంచు ఏ ఊళ్లో పడిందే?"

మునారా ఏడ్చేసింది. కోసింది, ఊడ్చింది అంతా చెప్పేసింది.

"ఏడిస్తే నేల వెచ్చబడదు. నది అవతల కొండ నీడవాలులో కరగని పాత మంచుంటుంది, సంచుల్లో మోసుకురా. వదులుగా పొయ్యాలి, తొక్కకు." పట్టా సంగతి ఆవిడ అడగలేదు, ఈమెకు చెప్పాలని గుర్తురాలేదు.

మర్నాడు గాడిదబండి అడిగి తెచ్చుకుని ఇద్దరం వెళ్లాం. మొదటి దఫా నింపుకుని వస్తుంటే వంతెన దగ్గర ఎండకు కూర్చున్న ముసలాయన మా సంచులు చూసి, "ఎవరైనా వాకిట్లో మంచు బయటికి ఊడుస్తారు. మీరు లోపలికి మోస్తున్నారేం, ఉప్పేసుకుని తింటారా?" అన్నాడు.

"మా అత్తగారికి మందు, తాతా" అంది మునారా, నవ్వకుండా.

ఫోన్ తలగుడ్డలో దోపుకుని పార పట్టింది. ఒక్కో సంచీ నింపి, ఆగి, చెవి దగ్గర తడుముకునేది. మూడో దఫా మంచు ఆ కప్పని మూడు దుబ్బులమీద పోస్తుండగా ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి ఉలన్. అమ్మ కళ్లు తెరిచిందన్నాడు. ఆమె మంచు మీదే కూలబడిపోయింది. తొక్కొద్దన్నారే అని నేనే చెయ్యి పట్టి లేపాను.

జనవరిలో అసలైన మంచు పడింది. మార్చిలో పట్టా ఎత్తి చూస్తే కంబళి ముద్దయిపోయి కుళ్లు వాసన కొట్టింది. వేలు పెడితే వేరు జావలా దిగిపోయింది. ఈసారి మునారా ఆ పూటే ఫోన్ చేసి చెప్పింది.

"చలికి చావలేదవి, ఊపిరాడక చచ్చాయి" అని అత్తగారు ఫోన్ పెట్టేసిందట.

ఏప్రిల్ చివర్లో సాల్కిన్ అక్క చేతికర్రతో ఇల్లు చేరింది. అప్పటికి మా గోడవారన ఉన్న ఆస్టర్లు బొటనవేలంత మొలిచాయి. గేటు పక్క మాత్రం మట్టే. మునారా రోజూ వచ్చి నావి చూసి వెళ్లిపోయేది. నాకు ఉండబట్టలేదు.

"నా దుబ్బులో రెండు పిలకలు తీసుకెళ్లి అక్కడ పాతెయ్యవే. ఎవరికి తెలుస్తుంది?"

"మంచు సంగతి తెలిసిపోయింది కదక్కా" అంది.

మే రెండో వారంలో ఒక పొద్దున కర్ర టకటక విని గోడమీదుగా తొంగిచూశాను. సాల్కిన్ అక్క స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. మునారా మోకాళ్లమీద వంగి గోటితో మట్టి గీరుతోంది. మంచు మోసి పోసిన మూడు దుబ్బుల్లోనూ నడుమంతా ఎండి కర్రయిపోయింది, అంచున మాత్రం ఎర్రటి మొలకలు తొంగిచూస్తున్నాయి. ఒకదానికి నాలుగు, ఒకదానికి రెండు, ఒకదానికి ఒక్కటే. మునారా మళ్లీ మళ్లీ లెక్కపెడుతోంది.

"తాకకు, అవి నిన్ను చూసి భయపడతాయి" అంది అత్తగారు.

కుళ్లిన రెండింటినీ తవ్వి పారెయ్యమని చెప్పి, నావైపు తిరిగింది. "నీ దుబ్బులోంచి రెండు పిలకలివ్వు."

"తీసుకో అక్కా, నువ్విచ్చినవే కదా."

మునారా పార తెచ్చుకుని మా గేటు తోసుకుని లోపలికొచ్చింది. ఎంత లోతు తవ్వాలో తెలియక గోడమీదుగా అత్తగారికేసి చూసింది. ఆవిడ స్టూలు మీంచి లేవకుండానే కర్ర పైకెత్తి, దానిమీద వేలు పెట్టి ఎంత లోతో చూపించింది.