రాతి పాండా కింద పేరు

ఊరి కూడలిలో నిలబెట్టిన రాతి పాండా కింద నా భార్య పేరు చెక్కారు. ఆ పేరు తీసేయించడానికి వెళ్ళాను.

"అనాథ పాండా పిల్లను కాపాడిన రోంగ్‌షియు" అని ఉంది. ఆమె ఏ పిల్లనూ కాపాడలేదు. ముట్టుకోవద్దని ఊరందరి ముందూ అరిచింది.

మా పెద్దలు పాండాను మచ్చల ఎలుగు అనేవారు. వంటింట్లో దూరి ఇనుప మూకుళ్ళు నాకిపోయే దొంగ అది. ఎనభై మూడులో కొండ మీద బాణం వెదురు పూసింది. పూసిన వెదురు చస్తుంది. ఎలుగులు ఆకలితో చస్తున్నాయని రేడియో మొత్తుకుంది. దొంగ కాస్తా దేశ సంపద అయింది. ఇంటికొకరు కొండ గాలించాలని హుకుం వచ్చింది. కింది వాలులో ఎలుగులు తినే ఇంకో రకం, గొడుగు వెదురు, పచ్చగానే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. ఆకలిగొన్న ఎలుగును వెతకమన్నారు కాబట్టి అందరూ దాన్నే వెతికారు.

దేవదారు తొర్రలో ఒక పిల్ల దొరికింది. పల్లె కార్యదర్శి తాన్ దాన్ని ఎత్తబోతే రోంగ్‌షియు తొర్రకు అడ్డం నిలబడింది.

"తల్లి మేతకెళ్ళింది, కార్యదర్శిగారూ. వచ్చేస్తుంది."

"నీకు చెప్పి వెళ్ళిందా?" అన్నాడు తాన్. అందరూ నవ్వారు.

"మీ ఆవిడ పొలానికెళ్ళినప్పుడు మీ బుడ్డోణ్ణి అనాథ అంటూ ఎత్తుకుపోతాను. ఊరుకుంటారా?"

"నోర్ముయ్! రేపిది చస్తే పైవాళ్ళకు నువ్వు జవాబు చెప్తావా?"

చెంగ్డూ నగరం నుంచి వచ్చిన నిపుణుడు కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తల్లి పిల్లను వదిలి ఎంతసేపు తిరుగుతుందో అతని పుస్తకాల్లో అప్పటికి లేదు. ఇప్పుడుంది. చిన్నపిల్లలు కూడా చదువుతున్నారు.

ఫోటో తీసేటప్పుడు పిల్లను రోంగ్‌షియు చేతుల్లో పెట్టారు. ఆడమనిషి చేతుల్లో బాగుంటుందన్నారు. ఆమె ఏడుస్తోంది. పత్రికలో ఆనందబాష్పాలని రాశారు.

తల్లి తిరిగొచ్చింది. ఎలుగు మేకలా అరుస్తుంది. మంచు పడేదాకా ఆ అరుపు మా ఇంటిదాకా వినబడింది. ఆ తర్వాత లేదు. రోంగ్‌షియు మళ్ళీ ఆ వాలుకు మందువేళ్ళు తవ్వడానికి వెళ్ళలేదు.

పిల్ల బోనులో పెరిగింది. ఏ దేశంతోనో చెయ్యి కలపాల్సి వస్తే దాన్ని విమానం ఎక్కించారు. అది ఈనింది. దాని పిల్లల్ని ఇంకెవరికో అద్దెకిచ్చారు. ఏ పిల్ల ఏ తల్లిదో, ఎవరితో జత కట్టాలో పెద్ద చదువుల వాళ్ళు లెక్క రాసుకున్నారు. ఆ సంతానంలో ఒక్కటీ ఈ కొండ తొక్కలేదు.

రోంగ్‌షియు పోయాక ఆ వాలు మీదే పూడ్చాను. మాలాంటివాళ్ళ సమాధికి చెక్కిన రాయి ఉండదు. రాళ్ళ కుప్ప ఉంటుంది, అంతే. తర్వాత వాలంతా ఎలుగులకని కంచె వేశారు. మమ్మల్ని రోడ్డు పక్కకు దింపారు. సమాధుల దగ్గర పోయినవాళ్ళకు పెట్టుకునే చింగ్‌మింగ్ పండక్కి కూడా లోపలికి పోనివ్వరు. పోయినవాళ్ళ పేరున కాగితం కాలిస్తే అడవి అంటుకుంటుందట.

రాతి పాండా పక్కన టీ అంగట్లో తాన్ మాజాంగ్ ఆడుతున్నాడు. పళ్ళు పోయాయి, నోరు పోలేదు.

"ఏరా గౌ, పెళ్ళాం పేరు రాయి మీదకెక్కితే ఏడుస్తావేం? అక్కడుండాల్సింది నా పేరు. పట్టుకుంది నేను."

"నీ పేరే చెక్కించుకో. నీకే తగును."

"అడిగానురా. ఫోటోలో నేను లేనన్నారు."

అభయారణ్యం కార్యాలయంలో షియాంగ్ అనే చిన్నది కూర్చునుంది. మర్యాద తెలిసిన పిల్ల. టీ పోసింది.

"అందరూ పేరెక్కించమని వస్తారు, తాతా. తీసెయ్యమని వచ్చింది మీరే."

"అది అబద్ధం."

"ఫోటో ఉంది కదా."

"ఫోటోకి నోరుందా? ఆమె వద్దంది. చచ్చినదాని నెత్తిన మీ పుణ్యం రుద్దకండి."

షియాంగ్ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. "సరే తాతా. రేపు ఉలి పెట్టిస్తాను. మీరొక సంతకం పెట్టండి." కాగితం నా ముందుకు జరిపి గొంతు తగ్గించింది. "పైన సమాధుల సంగతి మీకెవరైనా చెప్పారా?"

"ఏం సంగతి?"

"చదును చేసేశారు. మొన్న చలికాలం. ఎవరినీ తవ్వి తీయలేదు, తాతా. పైన వెదురు నాటారంతే."

"మాది ఎక్కడో తెలిసేలా ఏదైనా గుర్తు ఉంచారా?"

"గుర్తు ఉంచితే జనం వస్తారని..."

కలం నా చేతిలోనే ఉంది. రోంగ్‌షియు పేరు ఈ భూమ్మీద ఇంకెక్కడుందని ఆలోచించాను. రేషను చీటీలో కొట్టేశారు. పిల్లల్లేరు. కలం కింద పెట్టి లేచి వచ్చేశాను. షియాంగ్ వెనక నుంచి పిలిచింది. తిరిగి చూడలేదు.

చింగ్‌మింగ్ రోజు పొగబెట్టిన పంది మాంసం ఉడికించి ముక్కలు కోశాను. గిన్నెలో పెట్టి, చిన్న గ్లాసులో సారా పోసి, రాతి పాండా కాళ్ళ దగ్గర ఉంచాను. కాగితం కాల్చనివ్వలేదు, కాపలావాడు అగ్గిపెట్టె లాక్కున్నాడు. మూడుసార్లు తల వంచాను.

బస్సు దిగిన ఆడవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకావిడ నా భుజం తట్టింది.

"పాండా మాంసం తినదు, తాతా. వెదురు పెట్టాలి."

"వాడికి చెప్పినా ఎక్కదమ్మా," టీ అంగట్లోంచి తాన్ కేకేశాడు. "ముసలాడికి మతి పోయింది."

ఆవిడ నన్ను పక్కకు జరగమంది. ఫోటోకి అడ్డం వస్తున్నానట. జరిగాను.