పొడిగా ఉన్న తూటా

ప్రతి శనివారం పొద్దున్నే ఫిర్మిన్ సొరుగులు లాగి తూటాల కింద దూది మార్చేది. ఎర్రబడిన గుడ్డ ఏదైనా ఉంటే చన్నీళ్లలో నానబెట్టేది. వేడినీళ్లు పోస్తే మరక కరుచుకుపోతుందని హెర్‌స్టాల్ ఊళ్లో తుపాకుల పనివాళ్ల ఇళ్లలో ఆడపిల్లలకు చిన్నప్పుడే చెబుతారు.

పేలకుండా మిగిలిన పాత తూటా, తాను ఎవరి కోసం తయారైందో ఆ మనిషి పోయే రోజున నెత్తురు కారుస్తుంది. ఆపైన ఏటా అదే తేదీకి ఒక చుక్క. కారిన తూటాకు ధర సగం. పొడిగా ఉన్నదాని కోసం సేకరణదారులు కొట్టుకు చస్తారు.

ఆమె భర్త ఆన్సెల్మ్ దగ్గరున్న రెండు వందల నలభైలో పొడిగా ఉన్నది ఒక్కటే. నూట డెబ్భై ఏళ్ల నాటిది, లావుపాటిది, పక్కన ఇత్తడి మేకు పొడుచుకొచ్చి ఉంటుంది. మేకు మీద దెబ్బ పడితే లోపలి మందు అంటుకుంటుంది. ఆ మందు తీసెయ్యమని తోటి సేకరణదారులెవరూ అనలేదు. విప్పిన తూటా వాళ్ల లెక్కలో చెడిపోయిన తూటా.

"అదెవరిదో తెలుసా?" అనేవాడు ఆన్సెల్మ్, తాగినప్పుడల్లా. "నీదే. జాగ్రత్తగా తుడువు."

రెండుసార్లు ఆమె మణికట్టు విరిచాడు. ఒకసారి వేళ్లు లోపలుండగానే సొరుగు మూశాడు. చిటికెన వేలు వంకరగా అతుక్కుంది.

ఆ శనివారం పదింటికి గెంట్ నుంచి వౌటర్స్ అనే ఆయన మేకు తూటా కొనడానికి వస్తానన్నాడు. ఏడున్నరకు ఫిర్మిన్ సొరుగు లాగింది. దూది తడిసి ఉంది.

దూది మార్చింది. పైకెళ్లి ముదురు నీలం గౌను వేసుకుంది, తను పోయాక బట్టలు మార్చే పని ఎవరికీ లేకుండా.

వంటింట్లో ఆన్సెల్మ్ రొట్టె మీద బేరిపళ్ల పాకం పూస్తున్నాడు.

"ఏంటీ సింగారం? వౌటర్స్ కోసమా?"

"మేకు తూటా కారింది."

కత్తి పడేసి పరిగెత్తాడు. తూటా పిడికిట్లో పట్టుకుని తిరిగొచ్చాడు.

"నువ్వే ఏదో పోశావు కదే, ముదనష్టపుదానా!" జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. మళ్లీ కొట్టాడు. ఒక పన్ను నేల మీద పడింది.

"నాదేనన్నావుగా," అంది ఫిర్మిన్, నెత్తురు మింగుతూ. "ఇవాళ పోతున్నాగా. ఇంకా నీకేం బాధ?"

"నువ్వు పోతే నాకేంటే? ధర పోయింది!"

బల్ల మీద పిడికిలితో గుద్దాడు. తూటా అందులోనే ఉంది. మేకు కిందికి ఉంది.

చప్పుడు పెద్దదేం కాదు, పింగాణీ పళ్లెం పగిలినంత. రెండు వేళ్లు పాకం గిన్నెలో పడ్డాయి. గుండు గడ్డం కింద దూరింది. ఆన్సెల్మ్ మిగిలిన మూడు వేళ్ల వంక చూసుకున్నాడు, తర్వాత ఆమె వంక, ఎవరో లెక్క తప్పు చెప్పినట్టు. ఆమె మీదికే ఒరిగిపోయాడు.

పదింటికి వౌటర్స్ వచ్చేసరికి గుమ్మంలో పోలీసులున్నారు. ఆయన టోపీ తీశాడు.

"మేడమ్, మరి ఆ తూటా?"

"పేలింది."

"అయ్యో! పొడిగా ఉండగానేనా?"

"లేదు. పొద్దున్నే కారింది."

"అయితే నష్టం సగమేలెండి," అని ఓదార్చి వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక ఫిర్మిన్ ఆన్సెల్మ్ నెత్తురంటిన గౌను విప్పి, అలవాటు కొద్దీ తొట్టిలో చన్నీళ్లు పట్టింది. గౌను చేత్తో పట్టుకుని కాసేపు ఆగింది. నీళ్లు పారబోసి, పొయ్యి మీద మరుగుతున్న కెటిల్ అందుకుంది.