శాశ్వత చిరునామా

కత్తిపీట మొద్దుబారిందని అత్తగారు రెండు రోజులుగా సణుగుతూంటే, పదును పెట్టించడానికి కోహ్కా రోడ్డు పక్కన ఆగిన ఎడ్లబండ్ల దగ్గరికి వెళ్లాను. డెబ్బై తొమ్మిది శీతాకాలం అది. వాళ్లు గాడియా లోహార్లు. బండ్లే ఇళ్లుగా ఊరూరా తిరుగుతూ ఇనుము కొట్టి బతికేవాళ్లు. ఒక బండి పక్కన భర్త పట్టకారుతో ఇనుము పట్టుకుంటే, కేసర్ అనే ఆవిడ నిండు కడుపుతో నిలబడి సమ్మెట వేస్తోంది. ఏడేళ్ల కూతురు ధాపూ నా చేతిసంచి మీది అక్షరాలు చూసి బూడిదలో వేలితో దిద్దుతోంది.

"బడికి పంపవా?" అన్నాను హిందీలో.

"ఎవరు రానిస్తారు దీదీ? ఇల్లెక్కడ అంటారు. బండి చూపిస్తే నవ్వుతారు."

పెళ్లికి ముందు విజయనగరంలో రెండేళ్లు పంతులమ్మగా చేశాను. ఇప్పుడు ఈ హిందీ ఊళ్లో అయిదింటికి లేచి టిఫిన్లు, స్టీల్ ప్లాంటుకు వెళ్లే మా ఆయన మురళీధర్‌కి క్యారేజీ, అత్తగారి మోకాళ్లకు నూనె. "ఇంట్లో కూచుని నువ్వు చేసే పనేటి?" అని ఆయన నవ్వుతూ అనే మాట ఎనిమిదేళ్లుగా వింటున్నాను. మర్నాడు ధాపూని దగ్గర్లోని ఒక బడికి తీసుకెళ్లాను. ఫారంలో శాశ్వత చిరునామా దగ్గర కలం ఆగింది. ప్లాంటువాళ్లిచ్చిన మా సెక్టర్ 7 క్వార్టరు నంబరు రాశాను.

రోజూ నేనే దింపేదాన్ని. పిల్లని అందరికీ దూరంగా గోనెపట్టా మీద కూర్చోబెడుతున్నారని మూడో రోజే చూశాను. కేసర్‌కి చెప్పలేదు. పది రోజులు కాగానే ఎవరి తల్లిదండ్రులో ఫిర్యాదు చేశారు. బడివాళ్లు కబురు పంపింది నాకు కాదు, మురళీధర్‌కి.

"కుముదినీ, ఎవర్నడిగి రాసేవు? ఈ క్వార్టరు నా పేరు మీదుంది. పొరపాటయిందని రాసిచ్చీసేను. ఆ పిల్ల పేరు కొట్టీసేరు."

"నన్నొకమాట అడగొచ్చు కదా."

"నిన్నడిగీదేటి?"

"దేశదిమ్మర్లని తెచ్చి ఇంటికి అంటగట్టింది. వాడి పరువేటవ్వాలి?" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

అన్నం వడ్డించాను. క్వార్టరు తన పేరు మీదుందన్నది ఆయన కోపంలో అన్న మాట కాదు, కాగితం మీద ఉన్నదే. ఎనిమిదేళ్లు ఊడ్చి తుడిచిన ఇల్లు నా చిరునామా కాదు. కేసర్‌కి కదిలే బండైనా ఉంది.

సాయంత్రం వెళ్లి విషయం చెప్పాను. కేసర్ సమ్మెట దించి చెమట తుడుచుకుంది.

"గోనెపట్టా సంగతి ధాపూ మొదటిరోజే చెప్పింది దీదీ. అడిగితే మీరూ రావడం మానేస్తారని ఊరుకున్నాను."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఎప్పుడు కదులుతారని మాత్రం అడిగాను. పురుడయ్యేదాకా ఇక్కడేనంది.

మర్నాడు ఆయన వెళ్లగానే, కోహ్కా రోడ్డుకని పలకా బలపం చేతిసంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాను.

"మధ్యాన్నం వంటకి పొయ్యి వెలిగించకుండా ఎక్కడికే?" అన్నారు అత్తగారు.

"బడికి, అత్తయ్యా," అన్నాను.