పై గీత దాటిన ఆయిల్

"ఇక ఆ బండి మీద చెయ్యి వెయ్యకు," అని మామయ్య తాళం జేబులో వేసుకున్నారు.

తోటలోంచి పండ్ల పెట్టెలను రోడ్డుకు దించే నాలుగు చక్రాల బండి అది. రాళ్లనీ బురదనీ లెక్కచెయ్యదు. చదువు మధ్యలో ఆగిన నాకు ఈ అత్తింట్లో నాదంటూ ఉన్న పని దాన్ని తోలడమొక్కటే. ఈమధ్య అది నీలిపొగ కక్కుతోంది. అడ్డదిడ్డంగా తోలి ఇంజన్ పాడుచేశానని నా మీద నింద.

"ఆయిల్ ఎక్కువైంది మామయ్యా." చంకలో పాప. దాన్ని సర్దుకుంటూనే అన్నాను.

"రోజూ చూసేది నేనే కదా! తగ్గిందనేగా పోస్తున్నాను!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నారు అత్తయ్య.

పాప తుమ్మితేనే గుండె జారిపోయే మనిషిని నేను. అయినా పిల్లను అత్తయ్య చేతుల్లో పెట్టి, బండిని న్యూట్రల్‌లో వేసి షెడ్డులోంచి బయటికి నెట్టాను.

నిన్న షెడ్డులో పాపకు స్నానం చేయిస్తుంటే టబ్బులో నీళ్లన్నీ ఒక పక్కకే చేరాయి. నేల వాలు. మామయ్య ఆయిల్ చూసేది అక్కడే. బండి వాలుతుంది, ఆయిల్ దాని మట్టం చూసే పుల్లకు అందకుండా వెనక్కి పోతుంది, ఆయన ఇంకొంచెం పోస్తారు.

పెట్టెలు తూచే చదునైన గచ్చు మీద బండిని నిలిపాను. తాళం పోకముందే తోటలోంచి తోలి తెచ్చాను, ఇంజన్ ఇంకా వేడిగానే ఉంది. ఆయిల్ కిందికి దిగేదాకా ఆగాను. పుల్ల తుడిచి, దింపి, తీశాను. పై గీతకు బాగా పైన తడి మెరిసింది.

మామయ్య కళ్లజోడు సవరించుకున్నారు. "ఎక్కువుంటే ఏం పోయింది? ఇంజన్‌కు బలమేగా!"

"పాపకు పాలు ఎక్కువైతే కక్కదూ? ఇదీ అంతే."

"సరేలే, మెకానిక్ వచ్చాక చూద్దాం. అందాకా తాళం నా దగ్గరే ఉంటుంది."

"ఇప్పుడే తీస్తాను."

గచ్చు మీద వెల్లకిలా పడుకుని ఆయిల్ దించే అడుగు బోల్టు వదులు చేశాను. కొంత పళ్లెంలోకి కారనిచ్చి, బిగించి, మళ్లీ పుల్ల చూశాను. రెండు గీతల మధ్యకు వచ్చింది.

లేచి చెయ్యి చాచాను. "తాళం ఇవ్వండి."

"పొగ ఆగకపోతే?"

"లోపల పట్టిన ఆయిల్ కాలిపోయేదాకా వస్తుంది. ఆ తర్వాతా వస్తే అప్పుడు తిట్టండి. ఊరికే మాత్రం మాట పడను."

మోచేతిదాకా మసి. చాచిన చెయ్యి దించలేదు.

"ఇచ్చెయ్యండీ, పిల్ల నా చీరంతా తడిపేసింది!" అని అత్తయ్య కేకేశారు.

మామయ్య మొహం అటు తిప్పుకుని తాళం నా అరచేతిలో పడేశారు.

"ఆయిల్ నేనే చూస్తానిక," అన్నాను. "ఇక్కడ, ఈ గచ్చు మీదే."

బండి ఎక్కి స్టార్ట్ చేశాను. గుప్పున పొగ వచ్చింది. వస్తే రానీ అనుకుని గేరు వేశాను.